జెనోబియాను చెక్కింది ఎవరు? హారియట్ హాస్మర్ శిల్ప జీవితం

1863లో ఆల్ఫ్రెడ్ గాట్లీ అనే ఇంగ్లిష్ శిల్పి రోమ్‌లో కన్నుమూశాడు. లండన్ పత్రికలు ఆయన మీద సంస్మరణ వ్యాసాలు వేశాయి. చనిపోయిన మనిషికి ఏ సంబంధమూ లేని మాట ఒకటి అందులో దూరింది. అంతకు ముందు ఏడాది లండన్ అంతర్జాతీయ ప్రదర్శనలో జనం ఎగబడి చూసిన ‘సంకెళ్లలో జెనోబియా’ అనే బందీ రాణి విగ్రహం మిస్ హాస్మర్ చేసిందని చెప్పుకుంటున్నారు గానీ, నిజానికి దాన్ని చేసింది రోమ్‌లోని ఒక ఇటాలియన్ పనివాడని ఆ మాట సారాంశం.

ఆ మిస్ హాస్మర్ పూర్తి పేరు హారియట్ గుడ్‌హ్యూ హాస్మర్. అమెరికా మనిషి. అప్పటికి పదేళ్లకు పైగా రోమ్‌లో ఉంటోంది. ఆమె ఊరుకోలేదు. పరువు నష్టం దావాకు దిగింది. పత్రికలు తప్పు ఒప్పుకుని సవరణ వేసుకున్నాక గానీ వెనక్కి తగ్గలేదు. అంతటితో ఆగి ఉంటే ఇదొక కోర్టు తగాదాగా మిగిలిపోయేది. కానీ 1864 డిసెంబరులో ఆమె ‘అట్లాంటిక్ మంత్లీ’ పత్రికలో ఒక వ్యాసం రాసింది. శిల్పం ఎలా తయారవుతుంది, అందులో శిల్పి పని ఎంత, పనివాళ్ల పని ఎంత అన్నది విప్పి చెప్పింది. ఆనాటి స్టూడియోల లోపలి వ్యవహారం తెలుసుకోవాలనుకునే కళాచరిత్రకారులు ఇవాళ్టికీ ఆ వ్యాసం తిరగేస్తారు. అమెరికా తొలితరం మహిళా శిల్పుల్లో అందరికన్నా పేరు తెచ్చుకున్న ఈమె జీవితం అర్థం కావాలన్నా ఈ గొడవ దగ్గరే మొదలుపెట్టాలి.

పంతొమ్మిదో శతాబ్దపు రోమ్‌లో పాలరాతి విగ్రహం ఒక్కరి చేతి మీద తయారయ్యేది కాదు. శిల్పి ముందు చిన్న మట్టి నమూనా చేసుకుంటాడు. భంగిమ ఏమిటి, ఒంటి బరువు ఏ కాలి మీద పడాలి, గుడ్డ ఎటు జారాలి అన్నదంతా అక్కడే తేలిపోతుంది. తర్వాత పనివాళ్లు ఆ కొలతల్ని పెంచి, విగ్రహమంత ఎత్తున ఇనుప చట్రం నిలబెడతారు. దానికి తడి బంకమట్టి పట్టించి ముతకగా ఆకారం తెస్తారు. అక్కణ్నుంచి మళ్లీ శిల్పి చెయ్యి పడాలి. ముఖం, వేళ్లు, మెడ వంపు, పాదాలు, అన్నీ వారాల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి దిద్దాలి. మట్టి ఎండితే బీటలు వారుతుంది కాబట్టి తడి గుడ్డలు కప్పి కాపాడుకోవాలి. ఇక చాలనుకున్నాక దాని మీద ప్లాస్టర్ పోసి అచ్చు తీస్తారు. ఆ పనిలో మట్టి విగ్రహం పాడైపోతుంది. అచ్చులో మళ్లీ ప్లాస్టర్ పోస్తే వచ్చిన బొమ్మే ఇకపై అన్నిటికీ ఆధారం.

పాలరాయి వంతు ఆ తర్వాతే. ప్లాస్టర్ బొమ్మ మీద చాలా చోట్ల గుర్తులు పెడతారు. సూది బిగించిన కొలత పరికరంతో ఒక్కో గుర్తు ఎంత లోపలికి ఉందో చూసి, రాతి దిమ్మెలో సరిగ్గా అంత లోతుకు రంధ్రం తొలుస్తారు. రంధ్రాల అడుగు దాకా రాయి కొట్టేస్తే లోపలి బొమ్మ మోటుగా బయటపడుతుంది. ఆపైన ఉలి పనిలో ఒక్కొక్కరిది ఒక్కో నేర్పు. గుడ్డ మడతలు బాగా చేసేవాళ్లు ఒకరు, జుట్టు చేసేవాళ్లు ఇంకొకరు. చివర్లో శిల్పి వచ్చి చూసి కావాల్సిన చోట సరిదిద్దిస్తాడు, లేదా తనే దిద్దుతాడు. ఇటలీ శిల్పి కనోవా ఇలాగే పనిచేశాడు. డెన్మార్క్ శిల్పి థోర్వాల్డ్‌సెన్ ఇలాగే పనిచేశాడు. హాస్మర్ గురువు జాన్ గిబ్సన్ ఇలాగే పనిచేశాడు. మన దగ్గర గుడి కట్టిన స్థపతి ప్రతి స్తంభాన్నీ తన ఉలితోనే చెక్కాడని ఎవరూ అనుకోరు, అంతమాత్రాన ఆ గుడి ఆయనది కాకుండా పోదు. రోమ్‌లోనూ అంతే. మగ శిల్పుల్ని ఈ ప్రశ్న ఎవరూ ఇంత నిలదీసి అడగలేదు.

హాస్మర్ వ్యాసంలో బలం ఇక్కడే ఉంది. ‘నేను మగవాళ్ల సాయం తీసుకోలేదు’ అని ఆమె బుకాయించలేదు. పనివాళ్లున్నారు, వాళ్లు లేనిదే ఏ స్టూడియో నడవదు, ఏ శిల్పికైనా ఇది మామూలే, భావనా రూపకల్పనా మాత్రం శిల్పివి అని తేల్చి చెప్పింది. ఒక్క ఆడమనిషి మీద వేసిన నింద చివరికి మొత్తం వృత్తి గుట్టును బయటపెట్టించింది. 1867లో తీసిన ఒక ఫోటోలో కూడా ఇదే ధైర్యం కనిపిస్తుంది. స్టూడియో ఆవరణలో తన దగ్గర పనిచేసే ఇరవైమందికి పైగా మగవాళ్లను నిలబెట్టి, మధ్యలో తను నిలబడి ఫోటో దిగింది. పొట్టి మనిషి, చేతులు కట్టుకుని సూటిగా చూస్తోంది. వాళ్లను దాచి పెట్టాల్సిన అవసరం తనకు లేదని ఆ ఫోటో చెప్పకనే చెబుతుంది.

ఈ తెగువ ఎక్కణ్నుంచి వచ్చిందో తెలియాలంటే మసాచుసెట్స్ వెళ్లాలి. 1830 అక్టోబరు 9న బోస్టన్ పక్కనే ఉన్న వాటర్‌టౌన్‌లో ఆమె పుట్టింది. తండ్రి హైరమ్ హాస్మర్ డాక్టరు. భార్యను క్షయ పొట్టనబెట్టుకుంది. మిగతా పిల్లలూ దక్కలేదు. ఉన్న ఒక్క కూతురైనా బతికి బట్టకట్టాలని, నాలుగ్గోడల మధ్య ఉంచకుండా ఆరుబయట వదిలేశాడు. చార్లెస్ నదిలో పడవ నడపడం, ఈత, గుర్రపుస్వారీ, తుపాకీతో వేట, చెట్లెక్కడం, ఇదీ ఆమె బాల్యం. ఆ రోజుల్లో ఆడపిల్లను అలా పెంచితే ఊళ్లో ఎన్ని మాటలు వస్తాయో ఊహించుకోవచ్చు. తర్వాత ఆ అల్లరిపిల్లను లెనాక్స్‌లో మిసెస్ సెడ్జ్‌విక్ నడిపే బడిలో వేశాడు. అక్కడ దొరికిన స్నేహితురాలు కొర్నీలియా క్రో. ఆ స్నేహం లేకపోతే హాస్మర్ శిల్పి అయ్యేదా అన్నది సందేహమే.

మనిషి బొమ్మ చెక్కాలంటే చర్మం కింద కండరం ఎలా కదులుతుందో తెలియాలి. అది వైద్య కళాశాలలోనే నేర్చుకోవాలి. బోస్టన్‌లో ఆడవాళ్లకు ఆ తలుపు తెరవలేదు. హార్వర్డ్ వైద్య కళాశాల ఆడవాళ్లను చేర్చుకున్నది 1945లో అంటే పరిస్థితి అర్థమవుతుంది. అప్పుడు కొర్నీలియా తండ్రి వేమన్ క్రో ముందుకొచ్చాడు. సెయింట్ లూయిస్‌లో పెద్ద వ్యాపారి. ఆయన చొరవతో అక్కడి వైద్య కళాశాలలో డాక్టర్ జోసెఫ్ మెక్‌డోవెల్ దగ్గర హాస్మర్ శరీరశాస్త్రం చదువుకుంది. కృతజ్ఞతగా ఆ డాక్టరు రూపాన్ని పతకంగా చెక్కి ఇచ్చింది. చదువయ్యాక మిసిసిపీ మీద ఆవిరి పడవలో పైకి ప్రయాణం కట్టింది. అయోవాలోని లాన్సింగ్ దగ్గర తోటి ప్రయాణికులతో పందెం వేసి ఒక గుట్ట ఎక్కేసింది. ఆ గుట్టను ఇప్పటికీ మౌంట్ హాస్మర్ అనే పిలుస్తారు.

1852లో ‘హెస్పర్’ అనే ఊహాసుందరి ముఖాన్ని పాలరాతిలో చెక్కి, అదే ఏడాది తండ్రితో కలిసి రోమ్ చేరింది. అప్పటి ప్రసిద్ధ నటి షార్లెట్ కుష్మన్ కూడా ఆ బృందంలో ఉంది. కనోవా, థోర్వాల్డ్‌సెన్‌ల దగ్గర నేర్చుకున్న గిబ్సన్ మామూలుగా శిష్యుల్ని పెట్టుకునే మనిషి కాదు. హెస్పర్ ఫోటోలు చూసి ఈమెను రమ్మన్నాడు. ఏళ్లపాటు ఆయన స్టూడియోలోనే పనిచేసింది. ఇది ఆమెకు వరం. తర్వాత అదే శాపమైంది కూడా. బాగున్న పనంతా గిబ్సన్ చేతిదేనని గిట్టనివాళ్లు గుసగుసలాడటానికి ఆ చిరునామా ఒక్కటే సరిపోయింది.

అసలు రోమ్‌కే ఎందుకు వెళ్లాలి? పాలరాయి దగ్గర్లో దొరుకుతుంది, తరతరాలుగా ఉలి పట్టిన పనివాళ్లు అందుబాటు కూలికి దొరుకుతారు, బొమ్మకు నిలబడే మోడల్స్ దొరుకుతారు, వీధి వీధికీ పురాతన శిల్పాలే. ఇవి మగవాళ్లకూ అవసరమైనవే. ఆడవాళ్లకు ఇంకో కారణం ఉంది. తన ఊళ్లో అయితే బంధువులు, చర్చి, ఇరుగుపొరుగు కాపలా కాస్తారు. పరదేశంలో ఆ కాపలా లేదు. హాస్మర్ జుట్టు పొట్టిగా కత్తిరించుకుని, మగవాళ్ల టోపీ, కోటు వేసుకుని, గుర్రమెక్కి ఒంటరిగా తిరిగేది. 1854లో వేమన్ క్రోకు రాసిన ఉత్తరంలో పెళ్లి విషయం తేల్చేసింది. కళాకారిణికి పెళ్లి తగదు, ఇల్లో పనో ఏదో ఒకటి నిర్లక్ష్యం చేయాల్సి వస్తుంది, అప్పుడు మంచి భార్యా కాలేదు, మంచి కళాకారిణీ కాలేదు అన్నది ఆమె వాదన. మగ శిల్పికి ఆ ఇబ్బంది లేదని కూడా అందులోనే రాసింది. ఇరవై నాలుగేళ్లు నిండని పిల్ల ఇంత స్పష్టంగా లెక్క వేసుకుంది.

ఆ తొలి ఏళ్లలో చేసిన చిన్న పని ఒకటి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. 1853లో కవి దంపతులు రాబర్ట్ బ్రౌనింగ్, ఎలిజబెత్ బారెట్ బ్రౌనింగ్ ఒకరి చేతిలో ఒకరు చెయ్యి వేసి ఉండగా ప్లాస్టర్ అచ్చు తీసింది. అచ్చులు తీసే పనివాడు వద్దు, నువ్వే స్వయంగా తీస్తేనే చెయ్యి ఇస్తానని ఎలిజబెత్ షరతు పెట్టింది. తర్వాత కంచులో పోసిన ఆ చేతులు అరచేతి పక్కన పెట్టి చూసుకోదగ్గ పరిమాణంలో ఉంటాయి. మణికట్టు దగ్గర ఆమె చొక్కా అంచు, ఆయన కఫ్ కూడా పడ్డాయి. అదే కాలంలో గ్రీకు పురాణాల్లోని మెడూసా ముఖం చేస్తూ, జుట్టులోని పాముల కోసం నిజం పామునే పట్టి తెప్పించి, మత్తు ఇచ్చి అచ్చు తీసుకుని, చంపడానికి మనసొప్పక మళ్లీ వదిలేసిందని చెబుతారు.

1854 ప్రాంతంలో తండ్రికి డబ్బు ఇబ్బంది వచ్చింది. ఇంటికి వచ్చెయ్యమన్నాడు. వెళ్తే కథ ముగిసినట్టే. ఆమె మళ్లీ క్రోను ఆశ్రయించింది. ఆయన తన కోసం గ్రీకు పురాణాల్లోని వనకన్య ‘ఈనోనీ’ విగ్రహం చేయించుకున్నాడు, సెయింట్ లూయిస్ మర్కంటైల్ లైబ్రరీ తరఫున ఇంకో విగ్రహం ఆర్డరు ఇప్పించాడు. అయినా పోషకుల దయ మీద ఎంతకాలం బతుకుతుంది? అమ్ముడుపోయే బొమ్మ కావాలి. అలా పుట్టింది ‘పక్’, షేక్‌స్పియర్ నాటకంలోని కొంటె భూతం. పుట్టగొడుగు మీద కూర్చున్న బొద్దు పిల్లాడు, వీపున గబ్బిలం రెక్కలు, ఒక చేతిలో బల్లి, విసరడానికి ఎత్తిన రెండో చేతిలో పేడపురుగులాంటిది ఒకటి. ముఖం నిండా కొంటెతనం. జనానికి తెగ నచ్చింది. దాదాపు 30 ప్రతులు అమ్ముడయ్యాయి. తర్వాత ఏడో ఎడ్వర్డ్ అయిన వేల్స్ యువరాజు కూడా ఒకటి కొనుక్కున్నాడు. విమర్శకులు పక్‌ని తేలిగ్గా తీసేస్తారు. అది సరైన పద్ధతి కాదు. హాస్మర్ ఎవరి మీదా ఆధారపడకుండా సొంత స్టూడియో, సొంత పనివాళ్లు పెట్టుకోగలిగిందంటే ఆ పిల్లాడి పుణ్యమే.

లైబ్రరీ కోసం చేసిన విగ్రహం ‘బియాట్రీచె చెంచి’. హింసించే తండ్రిని చంపించిందన్న నేరం మీద 1599లో రోమ్‌లో తల నరికిన అమ్మాయి. హాస్మర్ ఆ అమ్మాయి చివరి రాత్రిని తీసుకుంది. జైలు గదిలో రాతి దిమ్మె మీద ఒరిగి నిద్రపోతోంది. తల మోచేతి మీద వాలి ఉంది, వేలాడుతున్న చేతిలో జపమాల సడలుతోంది. ఏడుపు లేదు, భయం లేదు. అలసిపోయిన పిల్ల నిద్ర మాత్రమే ఉంది. హాస్మర్ చెయ్యి ఎంత మెత్తనిదో తెలియాలంటే జెనోబియా కన్నా ఈ విగ్రహం దగ్గర ఎక్కువసేపు నిలబడాలి. ఇలాంటి నిద్రే మరోటి రోమ్‌లోని సాంతాంద్రియా దెల్లె ఫ్రాత్తె చర్చిలో ఉంది. పదహారేళ్లకే చనిపోయిన జూడిత్ ఫాల్కోనెట్ సమాధి మీది బొమ్మ. రోమ్ చర్చిలో ఒక అమెరికన్ చేసిన సమాధి శిల్పానికి చోటు దొరకడం అప్పటికి చాలా అరుదైన గౌరవం.

ఇక జెనోబియా. మూడో శతాబ్దంలో సిరియా ఎడారిలోని పల్మైరా రాణి. రోమ్‌ను ఎదిరించి, ఓడి, చక్రవర్తి ఆరేలియన్ విజయయాత్రలో బందీగా నడిచింది. దాదాపు ఏడడుగుల విగ్రహంలో ఆమె నడుస్తూనే ఉంది. తల కొద్దిగా వంగింది గానీ నడుము వంగలేదు. కిరీటం, నగలు, బరువైన రాచదుస్తులు అన్నీ ఒంటి మీదే ఉన్నాయి. సంకెళ్లు ఈడ్చుకుంటూ పోకుండా ఒక చేత్తో గొలుసును పైకి పట్టుకుంది. దీని కొత్తదనం తెలియాలంటే అప్పట్లో అమెరికాలో అందరికీ తెలిసిన ఇంకో బందీ పక్కన పెట్టి చూడాలి. హైరమ్ పవర్స్ చేసిన ‘గ్రీకు బానిస’ నగ్నంగా, నిస్సహాయంగా నిలబడి ఉంటుంది. చూసేవాడి జాలి మీద ఆ శిల్పం బతుకుతుంది. జెనోబియా జాలి అడగదు. అంతర్యుద్ధం జరుగుతుండగా, 1864 చివర్లో అది అమెరికాలో ప్రదర్శనకు వచ్చింది. సంకెళ్లు అన్న మాటే బానిసత్వాన్ని గుర్తుచేసే రోజులవి. న్యూయార్క్‌లో, బోస్టన్‌లో వేలాదిగా వచ్చి చూశారు. ఆడది ఇంత పెద్ద పని, ఇంత గంభీరమైన పని చేయగలదా అన్న అనుమానం పుట్టింది కూడా సరిగ్గా ఈ విగ్రహం దగ్గరే. పక్ లాంటి చంటిపిల్లాడి బొమ్మ మీద అంత రభస ఎవరూ చేయలేదు.

ఈలోగా 1860లో మిస్సోరి నుంచి పెద్ద ఆర్డరు వచ్చింది. సెనేటర్ థామస్ హార్ట్ బెంటన్ కంచు విగ్రహం. ఒప్పుకుంటూ రాసిన ఉత్తరంలో, ఆడదాన్నన్న జాలి రెక్కల కింద దాక్కోకుండా శిల్పిగా నా స్థాయి ఏమిటో తేల్చుకునే అవకాశం ఇచ్చారని కృతజ్ఞతలు చెప్పింది. మ్యూనిక్‌లో పోతపోసిన ఆ విగ్రహాన్ని 1868 మేలో సెయింట్ లూయిస్ లఫాయెట్ పార్కులో బెంటన్ కూతురు ఆవిష్కరించింది. మిస్సోరి రాష్ట్రంలో అదే మొదటి బహిరంగ స్మారకం. చెప్పులు తొడిగి, రోమన్ పెద్దమనిషిలా శాలువా కప్పుకుని, చేతిలో మ్యాప్ విప్పుతూ బెంటన్ పడమటికి చూస్తుంటాడు. పసిఫిక్ తీరం దాకా రైలు వేస్తే ఆసియా వ్యాపారం అందుతుందని వాదించిన మనిషి కాబట్టి పీఠం మీద ఆయన ప్రసంగంలోని మాటలు చెక్కారు: తూర్పు అదిగో, ఇండియా అదిగో. అమెరికా నడిమధ్యన ఇండియా పేరు అలా రాయికెక్కింది.

హాస్మర్ దావా గెలిచినంత పని చేసినా, అనుమానం మాత్రం తర్వాత వచ్చిన వాళ్లందరి వెంటా పడింది. నల్లజాతి, ఒజిబ్వే ఆదివాసీ మూలాలున్న ఎడ్మోనియా లూయిస్ 1866లో రోమ్ వచ్చి స్టూడియో పెట్టుకుంది. పనివాళ్లను పెట్టుకుంటే తన పని తనది కాదంటారని రాతి పని చాలావరకు తనే చేసుకునేది. అంటే ఆ నింద ఆమెకు ఎన్నో ఏళ్ల ఒంటి కష్టంగా మారింది. అదే ఏడాది పద్దెనిమిదేళ్ల విన్నీ రీమ్‌కు లింకన్ విగ్రహం ఆర్డరు అమెరికా కాంగ్రెస్ ఇచ్చినప్పుడు కూడా ఇవే మాటలు లేచాయి. అన్నిటికన్నా చేదైనది యాన్ విట్నీ కథ. ఈమెదీ వాటర్‌టౌనే. 1875లో సెనేటర్ చార్లెస్ సమ్నర్ విగ్రహానికి బోస్టన్‌లో పోటీ పెట్టారు. పేర్లు తెలియకుండా నమూనాలు చూసి విట్నీదే ఎంచుకున్నారు. చేసింది ఆడమనిషి అని తెలియగానే పని థామస్ బాల్ అనే మగ శిల్పికి ఇచ్చేశారు. మగవాడి కాళ్లను ఆడది ఎలా మలుస్తుందన్నది వాళ్ల అభ్యంతరం. విట్నీ చేసిన సమ్నర్‌ను చివరికి 1902లో కేంబ్రిడ్జిలో, హార్వర్డ్ పక్కన నిలబెట్టారు. అప్పటికి ఆమెకు ఎనభై దాటాయి. అక్కడ కుర్చీలో కూర్చున్న సమ్నర్ కాళ్లకు ఏ లోపమూ లేదు.

హాస్మర్‌కూ థామస్ బాల్ పేరు అడ్డం తగిలింది. లింకన్ హత్య తర్వాత, విముక్తి పొందిన నల్లవాళ్ల చందాలతో మొదలైన స్మారకానికి ఆమె భారీ నమూనా చేసింది. అందులో నల్లజాతి మనిషి నాలుగు దశల్లో నిలబడి కనిపిస్తాడు: వేలంలో అమ్మకానికి, తోటలో చాకిరీకి, అంతర్యుద్ధంలో ఉత్తరాది (యూనియన్) సేనలకు దారి చూపుతూ, చివరికి తుపాకీ పట్టిన సైనికుడిగా. ఖర్చు ఎక్కువని పక్కన పెట్టేశారు. 1876లో వాషింగ్టన్‌లో నిలబెట్టింది బాల్ చేసిన విగ్రహం. అందులో లింకన్ నిలబడి ఉంటే నల్లమనిషి ఆయన కాళ్ల దగ్గర మోకరిల్లి ఉంటాడు. ఆ మోకరిల్లిన భంగిమ మీద అమెరికాలో ఇవాళ్టికీ వాదన నడుస్తోంది. బోస్టన్‌లో ఉన్న దాని నకలును 2020లో తీసేశారు కూడా. హాస్మర్ సైనికుడు పీఠమెక్కి ఉంటే ఆ వాదనకు తావే ఉండేది కాదు.

1870ల తర్వాత కాలం మారిపోయింది. కళ రోమ్ వదిలి పారిస్ చేరింది. తెల్ల పాలరాతి దేవతల మోజు తగ్గింది. హాస్మర్ ఎక్కువ కాలం బ్రిటన్‌లో, ఆప్తురాలు లేడీ యాష్‌బర్టన్ దగ్గర గడిపింది. మామూలు సున్నపురాయిని పాలరాయిలా మార్చే పద్ధతికి పేటెంటు తీసుకుంది. అంతటితో ఆగక, ఆగకుండా తిరిగే యంత్రం కనిపెడతానని ఏళ్లు ఖర్చుపెట్టింది. అంత నేర్పున్న చేతులు జరగని పని మీద అరిగిపోవడం బాధ కలిగిస్తుంది. 1893 షికాగో ప్రదర్శనకు, ఓటు హక్కు కోసం పోరాడే మహిళల సంఘం కోరిక మీద స్పెయిన్ రాణి ఇసబెల్లా విగ్రహం చేసింది. ఆడవాళ్ల కళను వేరే భవనంలో పెట్టడం ఆ సంఘానికి ఇష్టం లేదు. దాంతో ప్లాస్టర్ విగ్రహం కాలిఫోర్నియా భవనం దగ్గర నిలబడింది.

1908 ఫిబ్రవరి 21న ఆమె పుట్టిన ఊళ్లోనే చనిపోయింది. కొర్నీలియా నాలుగేళ్ల తర్వాత ఆమె ఉత్తరాలు అచ్చు వేయించింది. ఏడడుగుల జెనోబియా చాలా దశాబ్దాలు ఎవరి కంటా పడలేదు. 2007లో కాలిఫోర్నియాలోని శాన్ మరీనోలో ఉన్న హంటింగ్టన్ సంస్థ దాన్ని కొని గ్యాలరీలో పెట్టింది. చిన్న సైజు ప్రతి ఒకటి హార్ట్‌ఫర్డ్‌లోని వాడ్స్‌వర్త్ మ్యూజియంలో ఉంది. అమెరికాలో ఉన్న తెలుగువాళ్లు లాస్ ఏంజెలెస్ వైపు వెళ్తే శాన్ మరీనో అక్కడికి దగ్గరే.